ఫజర్‌కి లేపే దోస్తులే నా వెనక నవ్వారు

ప్రశ్న: అన్నా, అస్సలాము అలైకుమ్. నాకు 24 ఏళ్ళు. మాది వినుకొండ దగ్గర ఒక పల్లె. మేము దూదేకుల వాళ్ళం. ఇంట్లో తెలుగే, ఉర్దూ రాదు. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి టోలిచౌకిలో ఐదుగురం కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాం. అందరం ముస్లింలమే. ఒకడిది పాతబస్తీ, ఒకడిది నిజామాబాద్, మిగతా ఇద్దరిదీ కర్నూలు, నెల్లూరు.

నిజం చెప్పాలంటే నాకు నమాజు అలవాటైందే ఈ రూమ్‌కి వచ్చాక. ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజుకి) ఎవడు ఆఖర్న లేస్తే వాడు అందరికీ చాయ్ పెట్టాలి. జుమా (శుక్రవారం నమాజు) తప్పితే డబ్బాలో యాభై రూపాయలు వెయ్యాలి. నెలాఖరుకి ఆ డబ్బుతో బిర్యానీ. ఒకడి మీద ఒకడు జోకులేసుకుంటూ పడుకునేసరికి ఒంటిగంట అవుతుంది. నేనూ తక్కువేం కాదు, నిజామాబాద్ వాణ్ణి ‘డబుల్ ప్లేట్’ అని ఏడిపిస్తాను.

నా ఆధార్ కార్డులో ఇంటిపేరు చూసినప్పటి నుంచి పాతబస్తీ దోస్త్ నన్ను ‘హాఫ్ సాయిబు’ అంటున్నాడు. మొదట్లో నేనూ నవ్వేశాను. ఒకరోజు ఇషాకి (రాత్రి నమాజుకి) ‘ఇవాళ ఇమామత్ నీదే, ముందు నిలబడి చదివించు’ అని నన్ను ముందుకు తోశారు. నాకొచ్చిన సూరాలన్నీ (ఖురాన్ అధ్యాయాలు) మా అమ్మ తెలుగు అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం చూసి నేర్చుకున్నవే. మొదటి సూరా ఫాతిహా సగంలో ఉండగా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇద్దరు గట్టిగానే నవ్వారు. ఎలాగో పూర్తి చేశాను.

అప్పటి నుంచి ఫజర్‌కి లేపితే తలనొప్పి అంటున్నాను. శుక్రవారం మీటింగ్ ఉందని చెప్పి ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుంటున్నాను. వచ్చాక డబ్బాలో యాభై వేసేస్తున్నాను. విడిగా చదువుకుందామనుకున్నా, అదీ మెల్లగా పోయింది. కర్నూలు అబ్బాయి ఒక్కడే ‘దిల్ పే మత్ లే మియా’ (మనసుకి తీసుకోకు) అన్నాడు. రూమ్ మారిపోనా? ఒక్క జోక్‌కి జారిపోయిన ఈమాన్ (విశ్వాసం) అసలు ఈమానేనా? నేను మునాఫిఖ్‌నా (కపట విశ్వాసినా)?

– పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: వ అలైకుమ్ అస్సలాం తమ్ముడూ. రూమ్ ఇప్పుడే మారొద్దు. నువ్వు మునాఫిఖ్‌వి కావు. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే నీ మనసు కాస్త కుదుటపడుతుంది, మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఆ ఇషా సంగతి ముందు తేల్చుకుందాం. నువ్వు ఇన్నాళ్ళుగా ఆ రోజు నీ నమాజు పాడైందని బాధపడుతున్నట్టున్నావు. మన దగ్గర ఎక్కువ మంది పాటించేది హనఫీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం). అందులో దీనికి తీర్పు చాలా స్పష్టంగా ఉంది. రుకూ (నడుము వంచడం), సజ్దా (నేలకి నుదురు ఆన్చడం) ఉన్న నమాజులో పక్కవాళ్ళకి వినబడేలా నవ్వితే నవ్వినవాడి నమాజు పోతుంది, వుజూ (నమాజుకి ముందు కడుక్కునే శుద్ధి) కూడా పోతుంది. లేచి మళ్ళీ వుజూ చేసుకొని మొదటి నుంచి చదువుకోవాలి. ముందు నిలబడిన ఇమాంకి మాత్రం ఏమీ కాదు. అంటే ఆ రాత్రి ఇషా పోగొట్టుకున్నది ఆ ఇద్దరు. గొంతు వణుకుతున్నా నిలబడి పూర్తి చేసినవాడివి నువ్వు. మీ మసీదు ఇమాం సాబ్‌ని అడిగినా ఇదే చెబుతారు. నీ దోస్తులకి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. తెలిస్తే వాళ్ళకే భయం వేస్తుంది.

ఇక నీ చదువు సంగతి. ఖురాన్ బాగా చదవగలిగినవాడు దైవదూతల సరసన ఉంటాడని, తడబడుతూ కష్టపడి చదివేవాడికి రెట్టింపు పుణ్యమని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన మాట హజ్రత్ ఆయిషా (ర) ద్వారా మనకి అందింది. బుఖారీ, ముస్లిం రెండు హదీసు సంకలనాల్లోనూ ఉంది. తడబడేవాణ్ణి చూసి నవ్వమని ఎక్కడా లేదు, రెట్టింపు పుణ్యమని ఉంది.

అయినా ఆ మాట పట్టుకొని ఎక్కడున్నవాడివి అక్కడే ఉండిపోవద్దు. మీ అమ్మగారి నోటుపుస్తకం నాకు కళ్ళకి కట్టినట్టుంది. మా ఊళ్ళలో అలాంటివి చాలా చూశాను. రూళ్ళ కాగితాల మీద ‘అల్‌హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్’ అని గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన ఎన్నో రకాతులో (నమాజులో ఒక్కో ఆవృతం) అంకె వేసి, వంటింట్లో గూట్లో పెట్టుకుంటారు. నేర్పే మౌల్వీ లేని ఊరిలో, మదర్సా మొహం చూడని ఆడవాళ్ళు నమాజుని ఇంట్లో నిలబెట్టింది అలాగే. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే తెలుగు లిపిలో అరబ్బీ శబ్దాలన్నీ పట్టవు. అరబ్బీలో గొంతు లోపలి నుంచి వచ్చే హ వేరు, మామూలు హ వేరు. మనం రెంటికీ ఒకే హ రాస్తాం. జాల్, జే, జ్వాద్, జ్వా నాలుగూ మన కలం కింద ఒక్క జ అయిపోతాయి. ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు కూడా వీటిని తప్పు పలుకుతారు, ఎందుకంటే ఉర్దూలో కూడా ఆ నాలుగూ ఒకేలా వినిపిస్తాయి. నీ పాతబస్తీ దోస్త్ చదువు తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ నియమాలు) తెలిసిన ఖారీ వింటే ఎన్ని దిద్దుతాడో చూడాలి. అందరూ నేర్చుకోవాల్సిందే. అరబ్బీ అక్షరాలు నేర్పే నూరానీ ఖాయిదా అనే చిన్న పుస్తకం ఏ ఇస్లామీ పుస్తకాల షాపులో అయినా దొరుకుతుంది. మీ ఏరియా మసీదులో హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం చేసినవారు) ఎవరైనా ఉంటే, ఇషా తర్వాత కాసేపు కూర్చోబెట్టుకుంటారేమో అడుగు. పెద్ద వయసువాళ్ళు కూడా అలిఫ్, బే దగ్గర మొదలుపెడుతుంటారు. సిగ్గు పడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు ‘హాఫ్ సాయిబు’ మాట. నీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

జోకులు వద్దని నేను అనను. ఐదుగురు కుర్రాళ్ళు ఒక గదిలో ఉంటే నవ్వులు లేకుండా ఎలా ఉంటుంది? మన ధర్మంలోనూ ఆ కట్టడి లేదు. ఒక మనిషి వచ్చి సవారీకి ఒంటె కావాలని అడిగితే, ‘నీకు ఒంటె పిల్లనిస్తాను’ అన్నారట దైవప్రవక్త (స). పిల్లతో నేనేం చేసుకోను అని అతను బిక్కమొహం వేస్తే, ‘ఏ ఒంటె అయినా ఒంటెకి పుట్టిన పిల్లే కదా’ అన్నారు. సహాబాలు (ప్రవక్త సహచరులు) ఒకరి మీద ఒకరు పుచ్చకాయ తొక్కలు విసురుకొని ఆడుకునేవాళ్ళని కూడా ఉంది. కానీ అదే సహాబాల్లో, ప్రయాణంలో నిద్రపోతున్న ఒకతని దగ్గరి తాడు మరొకరు సరదాకి తీసుకుంటే అతను ఉలిక్కిపడి లేచాడు. అప్పుడు దైవప్రవక్త (స) ముస్లింని భయపెట్టడం ముస్లింకి తగదని చెప్పారు. తాడు పోలేదు, దెబ్బ తగల్లేదు, ఒక మనిషి గుండె అదిరింది. ఆపడానికి అది చాలింది. మీ రూమ్‌లో జోకులకి కూడా అదే కొలత పెట్టుకోండి. అవతలివాడు కూడా నవ్వుతున్నాడా? నవ్వుతున్నా, లోపల ఏమవుతోంది?

పుట్టుక మీద, ఇంటిపేరు మీద వేసే జోకు వేరే రకం. ఒకరినొకరు ఎగతాళి చెయ్యొద్దు, ఎబ్బెట్టు పేర్లు పెట్టి పిలుచుకోవద్దు అని ఖురాన్ 49వ సూరా 11వ ఆయతులో (వాక్యంలో) నేరుగా ఉంది. మీ దోస్త్ ప్రతి జుమాకి వెళ్ళే మనిషి, ఈ ఆయతు ఎప్పుడో విని ఉంటాడు. హజ్రత్ అబూజర్ (ర) అంత గొప్ప సహాబీ ఒకసారి ఒకతన్ని తల్లి పేరెత్తి తక్కువ చేసి మాట్లాడితే, దైవప్రవక్త (స) ‘నీలో ఇంకా అజ్ఞాన కాలపు గుణం ఉంది’ అని మొహం మీదే అన్నారు. తర్వాత కాలంలో అబూజర్‌ని చూసినవాళ్ళు, ఆయన ఎలాంటి దుప్పటి కప్పుకున్నారో ఆయన దగ్గర పనిచేసే మనిషి కూడా అలాంటిదే కప్పుకొని ఉండటం చూసి ఆశ్చర్యపోయి అడిగారు. అందుకు జవాబుగా ఆయన ఈ సంగతే చెప్పారు. ఒక్క మాట అంత లోతుగా దిగింది ఆయనలో.

మన ఊళ్ళలో మాత్రం ఆ అజ్ఞాన కాలం పోలేదు. దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన కుటుంబాలని సాటి ముస్లింలే వేరుగా చూశారు. సంబంధాలు కలుపుకోలేదు. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా అని ప్రభుత్వం బీసీ-బి జాబితాలో చేర్చింది ఆ వెనకబాటు చూసే. అది చదువుకి, ఉద్యోగానికి సంబంధించిన లెక్క. అల్లాహ్ ముందు నిలబడే వరసలో బీసీ-బి, బీసీ-ఇ ఉండవు. షేక్, సయ్యద్, పఠాన్ కూడా ఉండవు. ఈ తేడాలు ఖురాన్ నుంచి రాలేదు, మన చుట్టూ ఉన్న కులం నుంచి వచ్చి మన ఇళ్ళలో కూర్చున్నాయి. ఇది మనం బయటికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా ‘మనలో కులాల్లేవు’ అని చెప్పుకున్నంత కాలం నీలాంటి కుర్రాళ్ళు క్యాంటీన్‌లో కూర్చుంటూనే ఉంటారు.

ఉర్దూ రాకపోతే సగం ముస్లిం ఎలా అవుతావు? దైవప్రవక్తకి ఉర్దూ రాదు. కేరళ ముస్లిం ఇంట్లో మలయాళం, తమిళనాడులో తమిళం, బంగ్లాదేశ్‌లో బెంగాలీ మాట్లాడతారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ముస్లింలున్న దేశాల్లో ఒకటైన ఇండోనేషియాలో ఉర్దూ తెలిసినవాడు ఎక్కడో గానీ దొరకడు. మీ భాషలు, మీ రంగులు వేరువేరుగా ఉండటం నా సూచనల్లో ఒకటి అని అల్లాహ్ 30వ సూరాలో (22వ ఆయతు) అంటున్నాడు. ఇక మన తెలుగులో చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాకపోయినా శ్రద్ధగా ఖురాన్‌ని అనువదించారు. ‘గీటురాయి’ లాంటి వారపత్రిక తెలుగులో దీన్ (ధర్మం) గురించి రాస్తూ వచ్చింది. నీకు అర్థమయ్యే భాషలో తర్జుమా (అనువాదం) ఒకటి కొనుక్కొని రోజూ కాస్త చదువు. ఉర్దూ బయాన్‌కి (ప్రసంగానికి) తలూపి వచ్చేసేవాడి కంటే నీకే ఎక్కువ ఒంటబడుతుంది. ఉర్దూ కూడా నేర్చుకో, మంచిదే, హైదరాబాద్‌లో పనికొస్తుంది. కానీ ముస్లింవి అనిపించుకోవడానికి మాత్రం అక్కర్లేదు.

మరి వాళ్ళతో ఏం చెయ్యాలి? ఒకసారి ఆలోచించు. నిన్ను ఫజర్‌కి లేపింది వాళ్ళే. నీకు నమాజు అలవాటు చేసింది వాళ్ళే. ఉద్యోగాలకి ఊరు వదిలి వచ్చిన పిల్లలకి అలాంటి రూమ్ దొరకడం చిన్న విషయం కాదు. తప్పు చేశారు, అయినా చెడ్డవాళ్ళలా నాకు అనిపించలేదు. నీకు ఎంత గుచ్చుకుందో వాళ్ళకి ఇంతవరకు తెలియదు కూడా. నువ్వు నవ్వావు, తలనొప్పి అన్నావు, మీటింగ్ అన్నావు. ఇంక వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

చెప్పు. అందరి ముందు వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. పాతబస్తీ దోస్త్ ఒక్కణ్ణే చాయ్‌కి తీసుకెళ్ళు. మీరు రోజూ ఏ భాషలో మాట్లాడుకుంటారో ఆ భాషలోనే చెప్పు: ‘భాయ్, ఆ రోజు నమాజులో మీరు నవ్వినప్పటి నుంచి మీ పక్కన నిలబడబుద్ధి కావట్లేదు. మీటింగులేవీ లేవు, అబద్ధం చెప్పాను. హాఫ్ సాయిబు అనడం మానెయ్. నా చదువులో తప్పులుంటే పక్కన కూర్చోబెట్టి దిద్దు, నేర్చుకుంటా.’ అంతే. వాదన పెట్టుకోవద్దు, హదీసులు వరసగా అప్పజెప్పొద్దు. ‘అరే, మజాక్ చేశాం యార్’ అంటాడు. అననీ. ‘మజాకే, కానీ నాకు నొప్పి పుట్టింది’ అని ఇంకోసారి చెప్పి ఊరుకో. నిజమైన దోస్త్ అయితే ఆ రాత్రికి వాడికి నిద్ర పట్టదు. వాడే మిగతావాళ్ళ నోరు కూడా మూయిస్తాడు.

చెప్పాక కూడా అదే పేరు, అదే నవ్వు నడిస్తే అప్పుడు రూమ్ మారు. అందులో ఓడిపోయింది ఏమీ లేదు. పోట్లాడకుండా, అడ్వాన్స్ లెక్క చూసుకొని, సలాం చెప్పి వచ్చెయ్.

ఆ చాయ్‌కి వెళ్ళే ముందు నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. నిజామాబాద్ అబ్బాయితో మాట్లాడు. ‘డబుల్ ప్లేట్’ అంటే వాడూ నవ్వుతాడని రాయకపోయినా, నవ్వే ఉంటాడు, నువ్వు నవ్వినట్టే. ఒళ్ళు గురించి వాడికి ఇంటి దగ్గర ఎన్ని మాటలు పడ్డాయో నీకు తెలియదు. నువ్వు మానేసి, వాడికి సారీ చెప్పి, ఆ తర్వాత నీ మాట అడిగితే ఆ అడగడంలో బలం ఉంటుంది.

మీ యాభై రూపాయల డబ్బా గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను. జరిమానా సరైనదా కాదా అన్న ధర్మసందేహం ఆలిమ్‌లని (మత పండితులని) అడగండి, నేను ఆలిమ్‌ని కాను. కానీ నీ విషయంలో ఆ డబ్బా ఏం చేసిందో చూడు. వరసగా జుమాలు తప్పావు. తప్పినప్పుడల్లా యాభై పడింది, లెక్క సరిపోయింది. ఎందుకు రావట్లేదురా అని అడగాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. ఫజర్‌కి లేపుకోవడం బాగుంది, చాయ్ పందెం బాగుంది, అవి వదలొద్దు. డబ్బా మాత్రం తీసెయ్యమని మీ వాళ్ళకి చెప్పి చూడు. రానివాడి పక్కన ఒకడు కూర్చొని ‘ఏమైంది?’ అని అడిగితే బిర్యానీ కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. హంజలా (ర) అనే సహాబీ ఒకరోజు ‘హంజలా మునాఫిఖ్ అయిపోయాడు’ అనుకుంటూ వెళ్తుంటే హజ్రత్ అబూబక్ర్ (ర) ఎదురై ఏమిటిది అని అడిగారు. దైవప్రవక్త దగ్గర కూర్చున్నప్పుడు స్వర్గం, నరకం కళ్ళ ముందే ఉన్నట్టుంటుంది, ఇంటికెళ్ళి భార్యాపిల్లలతో, పనులతో పడితే చాలా మరిచిపోతున్నాను అన్నారు హంజలా. అబూబక్ర్ అంతటివారు కూడా ‘నాకూ అంతే’ అన్నారు. ఇద్దరూ కలిసి దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళారు. నా దగ్గరున్నప్పటి స్థితిలోనే మీరెప్పుడూ ఉండిపోతే వీధుల్లో దైవదూతలు మీతో చేతులు కలిపేవాళ్ళు, కానీ హంజలా, ఒక సమయం అలా, ఒక సమయం ఇలా అని చెప్పి పంపించారు. మునాఫిఖ్ లోపల ఏమీ లేకపోయినా పైకి ఉన్నట్టు నటిస్తాడు. నువ్వు లోపల ఉన్నది పోతోందని ఏడుస్తూ ఇంత పొడుగు ఉత్తరం రాశావు. హంజలా తన భయం దాచుకోకుండా దోస్త్‌తో చెప్పుకున్నాడు, దోస్త్ వెంట నడిచాడు. నువ్వు దాచుకున్నావు, అందుకే బరువు పెరిగింది.

మళ్ళీ మొదలుపెట్టడం గురించి. ఐదు నమాజులూ ఫర్జే (తప్పనిసరే), ఒకటి చాలని చెప్పడానికి నేనెవర్ని? అయితే తప్పినవన్నీ ఒకేసారి తలకెత్తుకుంటే రెండో రోజే చతికిలబడతావు. చిన్నదైనా విడవకుండా చేసే పనే అల్లాహ్‌కి ఎక్కువ ఇష్టం అని హదీసులో ఉంది. ముందు ఫజర్ పట్టుకో, ఫర్జ్ రెండే రకాతులు. దానికి లేస్తే మిగతా రోజు దానంతట అదే దారిలో పడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా జోకులు కాస్త తగ్గించండి, సగం ఫజర్లు పోయేది అక్కడే. తప్పిపోయిన నమాజుల ఖజా (తర్వాత చదివి బాకీ తీర్చడం) ఎలా తీర్చుకోవాలో ఇమాం సాబ్‌ని అడిగి, రోజూ కొంచెం చొప్పున తీర్చుకుంటూ పో.

శుక్రవారం క్యాంటీన్ వదిలెయ్. నిజంగా మీటింగ్ ఉన్న రోజు కూడా, హైదరాబాద్‌లో అన్ని మసీదుల్లో జుమా ఒకే టైముకి ఉండదు కాబట్టి ఆఫీసు దగ్గర కాస్త ఆలస్యంగా జరిగే మసీదు ఏదో కనుక్కొని పెట్టుకో. లంచ్ టైమ్‌లో వెళ్ళొస్తానని మీ లీడ్‌కి ఒకసారి చెబితే చాలామంది అడ్డు చెప్పరు, అడగకపోతేనే ఇబ్బంది. ఏ కారణం చేతైనా జుమా అందకపోతే జొహర్ (మధ్యాహ్నం నమాజు) నాలుగు రకాతులు చదువుకోవాలి, రోజంతా వదిలెయ్యకూడదు.

ఇక ఆ కర్నూలు అబ్బాయి. ఆ రూమ్‌లో నీ మొహం చూసి అర్థం చేసుకున్నది అతనొక్కడే. ఇవాళ రాత్రే అతనికి చెప్పు, రేపు ఫజర్‌కి నన్ను లేపు, తలనొప్పి అన్నా వినకు అని. మసీదుకి వెళ్ళగలిగితే వెళ్ళండి. లేదంటే ఇద్దరుంటే జమాఅత్ (కలిసి చదివే నమాజు) అయినట్టే. ఎవరు ముందు నిలబడాలన్న టెన్షన్ ఇప్పుడే వద్దు. అతని చదువు బాగుంటే అతనే ఇమాం, నువ్వు అతని కుడి పక్కన నిలబడు. పాతబస్తీ దోస్త్‌తో మాట్లాడాక ఏమన్నాడో నాకు రాయి.